పురుషుల ఫుట్‌బాల్ జట్లకు మహిళా కోచ్‌లు – ఒక పరిశీలన



మేము ముగ్గురం. మహానంది బాలికల హాస్టల్‌లో పదో తరగతి దాకా ఒకే గదిలో పెట్టెలు పెట్టుకుని చదివినవాళ్లం. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా చూసింది మేమే మొదట. బి.పి.ఎడ్. ముగించి ఇప్పుడు ఎం.పి.ఎడ్. చదువుతున్నాం. ఈ వ్యాసం రాస్తున్నది మాలో ఒకరే అయినా మాట ముగ్గురిది.

ఈ విషయాన్నే ఎన్నుకోవడానికి ఒక కారణం ఉంది. బి.పి.ఎడ్.లో టీచింగ్ ప్రాక్టీసు కోసం మమ్మల్ని ఒక హైస్కూలుకు పంపారు. మొదటిరోజే పని పంచారు. ఖోఖో, టెన్నికాయిట్, డ్రిల్లు మాకు. ఫుట్‌బాల్ మాతో వచ్చిన అబ్బాయిలకు. వాళ్లలో ఇద్దరు బి.పి.ఎడ్.లో చేరాకే మొదటిసారి ఫుట్‌బాల్ ఆడారు. మేమేమో ఆరో తరగతి నుంచి హాస్టల్ వెనుక అరటితోట పక్కన చెప్పులు గోల్‌గా పెట్టుకుని ఆడినవాళ్లం. అయినా ఎవరూ మమ్మల్ని అడగలేదు. మేమూ నోరు విప్పలేదు. ఆ తప్పు మాది కూడా.

వారం తర్వాత పక్క ఊరి బడితో మ్యాచ్. మేము గీత బయట నిలబడి చూస్తున్నాం. మా బడి జట్టులో వెనుక కుడివైపు ఆడే పిల్లవాడు బంతి కనబడితే చాలు, ముందుకు పరుగు. వాడు వదిలిన చోట కాపలా లేదు. మొదటి గోల్ అక్కడినుంచే పడింది. విరామంలో ఆ సంగతి చెప్పబోయాం. కెప్టెన్ పిల్లవాడు వినయంగానే అడిగాడు: "అక్కా, మీరెప్పుడైనా మగపిల్లల మ్యాచ్ ఆడినారా?" మా దగ్గర జవాబు లేదు. రెండో గోల్ కూడా అదే చోటునుంచి పడింది.

ఆ ప్రశ్నకు జవాబు కోసం తర్వాత మేము చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

కోచ్ చేసే పని ఏమిటి?

ముందు ఇది తేల్చుకోవాలి. కోచ్ మైదానంలోకి దిగి బంతి తన్నడు. మ్యాచ్‌కు ముందు ఎవరు ఎక్కడ ఆడాలో నిర్ణయించడం, ఎదుటి జట్టు ఆట చూసి బలం, బలహీనత పట్టుకోవడం, వారం పొడుగునా ఎంత పరుగు పెట్టించాలి, ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి అని లెక్క వేయడం, ఓడిన రోజు జట్టును నిలబెట్టడం. ఇదీ పని. ఇందులో చూసే కన్ను, చదువు, ఓర్పు, మాట తీరు కావాలి. కండబలంతో పనిలేదు. మాంసకృత్తులు, శ్వాసక్రియ, కండరాల అలసట గురించి మేము చదివిన పుస్తకమే మాతోపాటు అబ్బాయిలూ చదివారు. పరీక్ష పేపరు కూడా ఒక్కటే.

ఆడనివారు నేర్పగలరా?

"పెద్ద ఆట ఆడినవాడే నేర్పాలి" అనే మాటకు జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. భారత ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప కోచ్‌గా చెప్పుకునే సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. పాఠాలు చెబుతూ, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. ఊళ్లో ఆడారు గాని, భారత జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అలాంటి మనిషి శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం సాధించింది. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించారు. మరుసటి ఏడాది, 1963లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

రహీం సాబ్‌ను "మీరు దేశానికి ఆడారా?" అని అడిగి పక్కన పెట్టి ఉంటే ఆ రెండు స్వర్ణాలు వచ్చేవా? మగవాడైన బడిపంతులుకు అడ్డురాని ప్రశ్న, ఆడదైన పంతులమ్మకు మాత్రం ఎందుకు అడ్డురావాలి?

గీత దాటినవాళ్లు

ఇటలీలో కరోలినా మొరాచే 1999లో విటెర్బేసే అనే పురుషుల ప్రొఫెషనల్ జట్టుకు కోచ్ అయ్యారు. రెండు మ్యాచ్‌లకే తప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఆ తలుపు మూసే ఉంది.

2014లో ఫ్రాన్సులో రెండో స్థాయి లీగ్‌లో ఆడే క్లెర్మోంట్ జట్టు హెలెనా కోస్టా అనే పోర్చుగల్ మహిళను కోచ్‌గా ప్రకటించింది. సీజను మొదలుకాక ముందే ఆమె వెళ్లిపోయారు. తనకు తెలియకుండానే ఆటగాళ్లను తీసుకుంటున్నారని చెప్పారు. పేరుకు కుర్చీ ఇచ్చి, నిర్ణయం చేతికివ్వకపోతే ఏమవుతుందో ఇది చూపిస్తుంది. ఆ స్థానంలోకి అదే ఏడాది కోరిన్ డియాక్ర్ వచ్చారు. ఫ్రాన్సు మహిళల జట్టుకు 121 మ్యాచ్‌లు ఆడిన క్రీడాకారిణి ఆమె. ఒకటి కాదు, రెండు కాదు, మూడు సీజన్లు ఆ పురుషుల జట్టును నడిపించారు. 2017లో దేశ మహిళల జట్టు బాధ్యత అప్పగిస్తే అప్పుడు కదిలారు. "మగవాళ్లు ఆడదాని మాట వినరు" అనేవారికి ఆ మూడు సీజన్లే సమాధానం.

మమ్మల్ని అందరికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది హాంకాంగ్‌కు చెందిన చాన్ యుయెన్‌టింగ్. ఆమె కాలేజీలో చదివింది భూగోళశాస్త్రం. తర్వాత క్రీడాశాస్త్రంలో పి.జి. చేశారు. ఒక క్లబ్బులో మ్యాచ్‌ల వివరాలు విశ్లేషించే ఉద్యోగంతో మొదలుపెట్టారు. అంటే మనలాగే నోటుపుస్తకం, పెన్నుతో వచ్చిన మనిషి. 2015 డిసెంబరులో ఈస్టర్న్ అనే పురుషుల జట్టుకు ప్రధాన కోచ్ అయ్యారు. 2016 ఏప్రిల్‌లో ఆ జట్టు హాంకాంగ్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. 21 ఏళ్ల తర్వాత ఆ జట్టుకు దక్కిన లీగ్ టైటిల్ అది. అప్పుడు ఆమె వయసు 27. ఒక దేశం లేదా ప్రాంతపు అగ్రస్థాయి పురుషుల లీగ్‌లో జట్టును విజేతగా నిలిపిన తొలి మహిళగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. మరుసటి ఏడాది ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో చైనా జట్టు గ్వాంగ్‌జౌ చేతిలో 0–7తో ఓడారు. ఇది దాచవలసిన సంగతి కాదు. ఎన్నో రెట్లు డబ్బున్న జట్టు చేతిలో ఓడడం మగ కోచ్‌లకూ మామూలే.

ఈమధ్య కాలంలో వేగం పెరిగింది. 2023 జూలైలో ఇంగ్లండ్‌లో హానా డింగ్లీ ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ పురుషుల జట్టుకు తాత్కాలిక కోచ్‌గా కొద్దిరోజులు పనిచేశారు. 2023 నవంబరులో మరీ లూయీజ్ ఎటా జర్మనీ అగ్ర లీగ్ అయిన బుందేస్‌లీగాలో యూనియన్ బెర్లిన్ జట్టుకు తొలి మహిళా అసిస్టెంట్ కోచ్ అయ్యారు. 2024 మేలో సబ్రీనా విట్‌మన్ మూడో స్థాయి లీగ్‌లోని ఇంగోల్‌స్టాట్ జట్టుకు ప్రధాన కోచ్ అయ్యారు. అంతకుముందు అదే క్లబ్బులో కుర్ర జట్లకు ఏళ్ల తరబడి నేర్పినవారు ఆమె. కింది మెట్టు నుంచి ఎక్కనిస్తే పైమెట్టు దానంతటదే అందుతుందని ఆమె కథ చెబుతోంది.

అడ్డుపడేది ఏమిటి?

మేము మాట్లాడిన పెద్దల్లో చాలామంది చెప్పిన కారణం డ్రెస్సింగ్ రూము. మగపిల్లలు బట్టలు మార్చుకునే చోటికి ఆడమనిషి ఎలా పోతుంది? న్యాయమైన ప్రశ్నే. కానీ దీన్ని తిరగేసి చూడండి. మన దేశంలో ఆడపిల్లల జట్లకు ఎంతోమంది మగ కోచ్‌లు ఉన్నారు. 1975 నుంచి ఆడుతున్న భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు తొలి మహిళా ప్రధాన కోచ్‌గా గోవాకు చెందిన మేమోల్ రాకీ వచ్చింది 2017లో. అన్నేళ్లూ గది తలుపు ఎలా తట్టాలో, ఎప్పుడు లోపలికి పోవాలో మగ కోచ్‌లు సర్దుకున్నారు గదా! ఆ పద్ధతే ఇక్కడా సరిపోతుంది. పిల్లలు బట్టలు మార్చుకున్నాకే మాట్లాడటం, ఇంకొక పెద్దవారిని తోడు ఉంచుకోవడం ఎవరికైనా మంచిదే.

అసలు అడ్డంకి ఇంకొకటి. మగ కోచ్ ఓడితే "ఆయన ప్లాన్ బెడిసింది" అంటారు. ఆడ కోచ్ ఓడితే "ఆడవాళ్లకు ఇది చేతకాదు" అంటారు. ఒకరి ఓటమిని అందరి మెడకూ కడతారు. హాస్టల్ పిల్లలమైన మనకు ఈ బాధ కొత్తకాదు. మనలో ఒకరు పరీక్ష తప్పితే "హాస్టలోళ్లు ఇంతే" అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు? కాబట్టి ఈ సంగతి అర్థం చేసుకోవడం మన తమ్ముళ్లకు కష్టం కాకూడదు.

మన తెలుగు నేల మీద

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. 2024–25 సీజను ముగిసేవరకు అందులో ఏ జట్టుకూ మహిళ ప్రధాన కోచ్ కాలేదు. అయితే పురుషుల ఆట మీద అధికారం చేపట్టిన తెలుగు మహిళ క్రికెట్‌లో ఉన్నారు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి రైల్వేస్ తదితర జట్లకు ఆడారు. 2019 మేలో ఐ.సి.సి. అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చేరిన తొలి మహిళ అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో షార్జాలో యు.ఎ.ఇ., అమెరికా పురుషుల జట్ల వన్డేకు మ్యాచ్ రిఫరీగా వ్యవహరించారు. పురుషుల వన్డేకు ఒక మహిళ ఆ బాధ్యత వహించడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆటగాడు హద్దుమీరితే శిక్ష వేసే కుర్చీ అది.

శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఫుట్‌బాల్‌లో నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతూ, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుదాకా వెళ్లింది. మన సీమలోనే, అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడపిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. ఈ పిల్లలంతా ఆట మానిన రోజున ఏమవుతారు? ఆటగాళ్లు ఉన్నచోట రేపు కోచ్‌లు కూడా ఉండాలి గదా!

చెల్లెళ్లకు దారి

డిగ్రీ అయ్యాక ఏపీ పీఈసెట్ రాస్తే బి.పి.ఎడ్.లో సీటు వస్తుంది. పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. ఫుట్‌బాల్‌కు ప్రత్యేకంగా లైసెన్సుల మెట్లు ఉన్నాయి. డి, ఆపైన సి, బి, ఎ, చివరన ప్రో. పెద్ద జట్టును నడపాలంటే పైమెట్ల దాకా ఎక్కాలి. ఆడ లైసెన్సు, మగ లైసెన్సు అని రెండు లేవు. ఖర్చు ఉంటుంది, దూరం పోవాలి, ఇంట్లో ఒప్పించాలి. "పొద్దుగూకినాక మగపిల్లల వెంట గ్రౌండులో ఏం పని?" అని మా ఇళ్లలోనూ అడిగారు. ఒకరోజు అమ్మను గ్రౌండుకు తీసుకుపోయి కూర్చోబెట్టాం. ఆ తర్వాత ఆ ప్రశ్న కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇప్పటినుంచే చేయగలిగింది ఒకటుంది. మ్యాచ్ చూసేటప్పుడు నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. బంతిని చూడటం మాని, బంతి లేనివాళ్లు ఎక్కడ నిలబడ్డారో పది నిమిషాలు రాయండి. గోల్ ఎందుకు పడిందో మీకే తెలుస్తుంది.

తమ్ముళ్లకు ఒక మాట

ఈ వార్షికోత్సవ పోటీల్లో మీ జట్టుకు ఒక అక్కనో చెల్లెలినో గీత పక్కన నిలబెట్టి చూడండి. ఆమె చెప్పింది తప్పయితే వాదించండి, ఒప్పయితే వినండి. ఆడదని వినకపోవడం తప్పు, ఆడదని జాలిపడి వినడమూ తప్పే.

ఆరోజు మ్యాచ్ అయిపోయాక, అందరూ వెళ్లాక, ఆ జట్టు గోల్‌కీపర్ మా దగ్గరికి వచ్చాడు. రెండు గోల్స్ మోసింది వాడే. "కుడిపక్క గురించి ఏందో చెప్పబోయినారు గదా, ఇంకోసారి చెప్పక్కా" అన్నాడు. మట్టిలో పుల్లతో గీత గీసి చూపించాం. చీకటి పడేదాకా అడుగుతూనే ఉన్నాడు.

కెప్టెన్ తమ్ముడికి ఇప్పుడు మా జవాబు ఇది: మగపిల్లల మ్యాచ్ మేము ఆడలేదు. కానీ నీ జట్టు కుడివైపు ఖాళీగా ఉందని మాకు కనబడింది.