వంటింటి చిమ్నీ: చేయవలసినవి, చేయకూడనివి

ఎండుమిర్చి పోపు పడితే హాల్లో కూర్చున్నవాళ్లు కూడా దగ్గే అపార్ట్‌మెంట్లలో చిమ్నీ ఇప్పుడు అవసరమే, ఆడంబరం కాదు. అయితే బిగించినవాడు డ్రిల్లింగ్ మిషన్ సర్దుకుని వెళ్లిపోగానే దాని సంగతి మరిచిపోతాం. వేపుళ్లలోంచి లేచే నూనె ఆవిరి అంతా బయటికి పోదు. కొంత ఫిల్టర్లకు పడుతుంది, కొంత మోటారు చుట్టూ, ఇంకొంత గొట్టం లోపలి గోడలకు. నెలల తరబడి అలా పేరుకుంటే, మంటకు రెండడుగుల పైన మనమే నూనె నిల్వ పెట్టుకున్నట్టు. కింది జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ నూనె గురించే.

చేయవలసినవి

కొనేటప్పుడు చిమ్నీ వెడల్పు స్టవ్ వెడల్పుకు తగ్గకుండా చూసుకోండి. రెండు బర్నర్లకు 60 సెంటీమీటర్లది చాలు. మూడు, నాలుగు బర్నర్లుంటే 90 సెంటీమీటర్లది తీసుకోవాలి. స్టవ్ నుంచి ఎత్తు మామూలుగా 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటుంది. మీ మోడల్‌తో వచ్చిన పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. మరీ కిందికి దించితే వేడికి లోపలి భాగాలు దెబ్బతింటాయి, మరీ పైకి కడితే పొగ పక్కలనుంచి జారిపోతుంది.

గొట్టం పొట్టిగా, తిన్నగా ఉండాలి. షాపులో గంటకు 1200 క్యూబిక్ మీటర్ల గాలి లాగుతుందని చెప్పిన చిమ్నీ, మూడు మలుపులు తిరిగిన సన్నటి గొట్టంతో అంతకన్నా ఎంతో తక్కువే లాగుతుంది. ఆరంగుళాల గొట్టం అడిగినచోట కప్‌బోర్డుకు అడ్డొస్తోందని నాలుగంగుళాలది వేయించకండి. దాని చివర ఆరుబయట ఉండాలి. ఫాల్స్ సీలింగ్ వెనకో, అటక మీదో వదిలేస్తే నూనె పొగ అక్కడి చెక్కకూ, వైర్లకూ పడుతుంది. బయటి మూతికి గాలి తోసినప్పుడే తెరుచుకునే మూత పెట్టించండి. లేకపోతే పావురాలు గూడు కడతాయి. ఎండుపుల్లలూ ఈకలూ నూనె జిడ్డులో నానుతున్న గొట్టం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. చిమ్నీ ఉన్నట్టుండి పొగ లాగడం మానేస్తే మెకానిక్కును పిలిచేముందు ఒకసారి బయటికి వెళ్లి ఆ మూతి చూడండి.

మూకుడు పెట్టడానికి రెండు మూడు నిమిషాల ముందే చిమ్నీ వేయండి. పొగ కమ్ముకున్నాక వేస్తే అది అప్పటికే హాలు దాకా పోయి ఉంటుంది. వంట అయ్యాక మరో పది నిమిషాలు నడవనివ్వండి. వేపుడు, చేపలు, పోపు గోడవైపున్న వెనక బర్నర్ మీద పెట్టుకుంటే పొగ నేరుగా చిమ్నీ కిందికి పోతుంది. ముందు బర్నర్ మీద పప్పో, పాలో ఉంచుకోండి. సీలింగ్ ఫ్యాను మాత్రం ఆపాలి. అది తిరుగుతుంటే పొగ చిమ్నీకి అందకుండా చెదిరిపోతుంది.

కిటికీ సంగతి చాలామందికి తట్టదు. చిమ్నీ గంటకు వందల ఘనమీటర్ల గాలిని బయటికి తోస్తుంటే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. తలుపులూ కిటికీలూ బిగించి ఏసీ వేసుకున్న ఇంట్లో దానికి దారి దొరకదు. అప్పుడు ఏ సందు దొరికితే ఆ సందులోంచి లాగుతుంది. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే దాని పొగగొట్టంలోంచి బయటికి పోవలసిన గాలి వెనక్కి తిరిగి ఇంట్లోకే రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు, దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత వచ్చి మనిషి లేవలేని స్థితికి చేరేదాకా తెలియదు. అందుకే చిమ్నీ నడిచినంతసేపూ ఏదో ఒక కిటికీ జానెడు తెరిచి ఉంచండి. గ్యాస్ గీజర్ నడిచేటప్పుడు చిమ్నీ ఆపేస్తే ఇంకా మంచిది.

ఇక శుభ్రం చేయడం. రోజూ వేపుళ్లు చేసే ఇంట్లో ఫిల్టర్లు రెండు వారాలకోసారి, లేదంటే నెలకోసారైనా కడగాలి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీయండి. చిమ్నీ, స్టవ్ రెండూ చల్లారాక ఫిల్టరు పిడి పట్టుకుని నెమ్మదిగా వంచి తీయాలి. దాని అంచుల్లో గోధుమరంగు జిడ్డు ముదురుపాకంలా సాగుతుంది. స్టీలు బ్యాఫిల్ ఫిల్టరైతే వేడినీళ్లలో గిన్నెల లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్దితే వదిలిపోతుంది. అల్యూమినియం జాలీ ఫిల్టరును ఇంకా సున్నితంగా రుద్దాలి, లేకపోతే జాలీ నలిగిపోతుంది. పూర్తిగా ఆరాకే తిరిగి బిగించండి. నూనె చేరే గిన్నెను సగం నిండగానే తీసేయండి. ఆ నూనె సింకులో పోస్తే గొట్టం పూడుకుపోతుంది. పాత పేపర్లో పీల్చేలా చేసి చెత్తలో వేయండి.

ఆటోక్లీన్ ఉందిగా అని ధీమా పడేవాళ్లకు ఒక మాట. ఆ బటన్ నొక్కితే లోపల వేడికి కరిగిన నూనె గిన్నెలోకి జారుతుంది. మోటారు చుట్టూ ఉన్న జిడ్డుకు అది పనికొస్తుంది. పైన గొట్టాన్ని అది శుభ్రం చేయదు, ఫిల్టరు ఉన్న మోడల్ అయితే ఫిల్టరును మీరే కడగాలి. ప్రకటనల్లో చెప్పే హాయిలో నిజంగా దక్కేది సగమే. ఏడాదికోసారి మెకానిక్కుతో గొట్టం విప్పించి చూడండి. సంక్రాంతికి అరిసెలూ జంతికలూ గంటల తరబడి కాలుస్తారు కాబట్టి ఆ పని పండక్కి ముందే పెట్టుకోండి, తరవాత కాదు.

చేయకూడనివి

గిన్నె లేకుండా బర్నర్ వెలిగించి వదిలేయకండి. మంట వేడి నేరుగా ఫిల్టరుకు తగులుతుంది. మూకుట్లో నూనె పెట్టి ఫోను మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లకండి. శుద్ధి చేసిన వంటనూనె దాదాపు 230 డిగ్రీల దగ్గర పొగలు కక్కుతుంది. ఇంకా కాగి 350 దాటితే నిప్పు తగలకుండానే అంటుకోగలదు. పొగ ఎటూ చిమ్నీ లాగేస్తుంది కాబట్టి నూనె మాడుతున్న వాసన పక్కగదికి ఆలస్యంగా వస్తుంది. చిమ్నీ ఉన్న ఇంట్లో స్టవ్ దగ్గర ఇంకాస్త ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

ఫిల్టరు ఆరలేదని అది లేకుండా ఒక్కపూటైనా నడపకండి. జిడ్డంతా నేరుగా మోటారుకు పడుతుంది. చిమ్నీ పైన నూనె సీసాలు, పేపర్లు, ప్లాస్టిక్ డబ్బాలు పెట్టకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి కరెంటివ్వకండి. ఎర్తింగ్ ఉన్న విడి సాకెట్, అదీ స్టవ్ వేడి తగలని చోట ఉండాలి.

జిడ్డు పోవడం లేదని కాస్టిక్ సోడా వాడేవాళ్లున్నారు. అల్యూమినియాన్ని అది తినేస్తుంది, పైగా మండే గుణమున్న హైడ్రోజన్ వెలువడుతుంది. కిరోసిన్, పెట్రోలుతో తుడవడం అంతకన్నా తెలివితక్కువ పని. బాత్రూం యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలిపితే వచ్చే క్లోరిన్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

గొట్టం లేని చిమ్నీని నమ్మి కిటికీ మూసేయకండి. అద్దె ఇళ్లలో గోడకు రంధ్రం చేయనివ్వరని చాలామంది అదే కొంటారు. అందులోని బొగ్గు ఫిల్టరు వాసన కొంత తగ్గిస్తుంది. వేడినీ, ఆవిరినీ, కార్బన్ మోనాక్సైడ్‌నూ ఆపలేదు. దాన్ని కడిగి వాడటం కుదరదు. కంపెనీ చెప్పిన గడువుకు మార్చాల్సిందే.

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1700 రెట్లు వ్యాకోచించి, మండే నూనెను మీ మీదికే ఎగజిమ్ముతుంది. మూకుడు ఎత్తి సింకు దాకా మోయకండి. స్టవ్ ఆపి, మంటల మీదుగా చెయ్యి చాపకుండా అందితే చిమ్నీ కూడా ఆపి, మూకుడుకు సరిపడే పెద్ద మూత పక్కనుంచి జరిపి కప్పండి. చల్లారేదాకా మూత తీయొద్దు. మంట చిమ్నీలోకి పాకితే ఇక ఆర్పే ప్రయత్నం మానండి. వెళ్తూ వెళ్తూ మెయిన్ స్విచ్ అందితే ఆపి, వంటింటి తలుపు మూసి, అందరినీ బయటికి తీసుకెళ్లి 101కి ఫోన్ చేయండి.

చివరిగా, అందరూ పొరబడే సంగతి. గ్యాస్ వాసన వస్తే చిమ్నీ వేసి బయటికి తోసేద్దామని చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతుంది. వేయకండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, నేలమీదే పేరుకుంటుంది కనుక పైనున్న చిమ్నీకి సరిగా అందదు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఏ స్విచ్చూ వేయకుండా, వేసి ఉన్నది తీయకుండా, రెగ్యులేటరు ఆపి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఇంట్లోంచి బయటికి రండి. అక్కడినుంచి 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకుల కోసం ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. దాన్ని ఇంట్లో వంట చేసే ప్రతి ఒక్కరి ఫోన్లోనూ ఇవాళే ఎక్కించండి, వంటమనిషి ఫోన్లో కూడా.