మామ్మ పేరు

దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక మామ్మ ఉండేది. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మనవలు, మనవరాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళే కాదు, ఊరంతా ఆమెను "మామ్మా" అనే పిలిచేది. పాలు పోసే అబ్బాయి, సర్పంచి గారు, బడి పంతులమ్మ, అందరికీ ఆమె మామ్మే.

2006 నవంబరు 8న మామ్మ చనిపోయింది.

ఇల్లంతా ఏడ్చింది. ఊరు కూడా ఏడ్చింది. మామ్మ చేతుల మీద పురుడు పోసుకున్న పిల్లలు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఎవరింట్లో జ్వరమన్నా ఆమె గంజి కాచి తీసుకుపోయేది. ఎవరింట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నా గుమ్మంలో కూర్చునేది. "పోట్లాట అయ్యేదాకా నేనిక్కడే కూర్చుంటా. కానివ్వండి" అనేది. ఆమె కూర్చుంటే పోట్లాట ఎంతసేపు సాగుతుంది?

పంచాయతీ ఆఫీసులో

నాలుగో రోజున చిన్నకొడుకు, చిన్నకోడలు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళారు. మరణం నమోదు చేయించాలి. కార్యదర్శి రిజిస్టరు తీశాడు.

"చనిపోయినామె పేరు?" అని అడిగాడు.

చిన్నకొడుకు రేషన్ కార్డు ఇచ్చాడు. చిన్నకోడలు ఓటరు కార్డు ఇచ్చింది. కార్యదర్శి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఏమండీ, ఇందులో ఒక పేరు ఉంది. అందులో ఇంకో పేరు ఉంది. వయసూ కలవడం లేదు. ఒక దాని లెక్కన ఆమెకు 82. ఇంకో దాని లెక్కన 70. ఏది రాయమంటారు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొడుకుకు నలభై ఏళ్ళు. పుట్టిన దగ్గరనుంచి "అమ్మా" అనే పిలిచాడు. అమ్మకు రెండు పేర్లు ఎందుకు ఉన్నాయో అతనికి తెలియదు.

"ఇంకా గడువు ఉంది. 21 రోజుల లోపల చెబితే చాలు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రండి" అన్నాడు కార్యదర్శి.

దారి పొడుగునా చిన్నకోడలు మాట్లాడలేదు. ఆమెకు ఒక సంగతి గుర్తుకొచ్చింది.

పలక మీద పేరు

చిన్నకోడలు పెళ్ళయి వచ్చేనాటికి ఆమెకు చదువు రాదు. ఆ ఊళ్ళో రాత్రి బడి పెట్టినప్పుడు వెళ్ళాలని ఆశపడింది. కానీ సాయంత్రం వంట ఎవరు చేస్తారు? పిల్లల్ని ఎవరు చూస్తారు?

"నువ్వు పోవే అమ్మాయ్. పొయ్యి కాడ నేనుంటా" అంది మామ్మ.

అలా మామ్మ పొయ్యి దగ్గర కూర్చుంది కాబట్టే కోడలు పలక పట్టింది. రాత్రి ఇంటికి వచ్చి కోడలు గట్టిగా చదివేది. మామ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. తప్పు చదివితే పట్టుకునేది కూడా. "నిన్న ఇట్టా అనలేదే!" అనేది.

ఒక రోజు మామ్మ అడిగింది. "నా పేరు ఎట్టా ఉంటదో రాయవే."

కోడలు పలక మీద రేషన్ కార్డులో పేరు రాసింది. మామ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది.

"ఇదేనా! సరేలే. ఇది వీళ్ళు పెట్టింది. అసలుది ఇంకోటి ఉందిలే" అంది.

"ఏందత్తా అది?"

"రేపు చెబుతాలే. చూడు, అన్నం మాడుతోంది."

ఆ రేపు రాలేదు. పనులు అడ్డం వచ్చాయి. కోడలు మళ్ళీ అడగలేదు. మామ్మ మళ్ళీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి మామ్మ లేదు.

చిన్నత్త చెప్పిన మాట

పెద్దకర్మకు బంధువులు వచ్చారు. మామ్మ చెల్లెలు కూడా వచ్చింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. చిన్నకోడలు ఆమె పక్కన కూర్చుని అడిగింది.

"చిన్నత్తా, మా అత్తకు రెండు పేర్లు ఎందుకున్నాయి?"

ముసలామె నవ్వింది. ఆ తరవాత కళ్ళు తుడుచుకుంది.

"మా అక్కకు మా నాయన పెట్టిన పేరు ఒకటి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది. ఇక్కడ వాళ్ళ అత్తగారిదీ అదే పేరు. అత్త పేరు పెట్టి కోడల్ని పిలిస్తే ఎట్టా? కోడల్ని తిట్టినా అత్తను తిట్టినట్టే గదా! అందుకని వచ్చిన మూడో రోజునే పేరు మార్చేశారు. అక్కకు అప్పుడు పన్నెండేళ్ళు. కొత్త పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని పలికేది కాదంట. పలకలేదని దెబ్బలు కూడా తింది."

వింటున్న ఆడవాళ్ళు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరవాత ఒకామె అంది, "నా పేరూ మార్చారు." ఇంకొకామె అంది, "మా అమ్మకూ అంతే."

చిన్నత్త ఆ పాత పేరు చెప్పింది. చిన్నకోడలు వెంటనే లేచి, కూతురి బడి సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. మొదటి పేజీలో ఆ పేరు రాసింది.

ఆ పేరు ఈ పాఠంలో లేదు. ఎందుకంటే ఇలాంటి మామ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మీ మామ్మ పేరు, లేదా అమ్మమ్మ పేరు ఇక్కడ రాయండి:

..............................................

వయసు లెక్క

పేరు దొరికింది. మరి వయసు? పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. అప్పుడు మామ్మ పెద్దకూతురు ఒక మాట చెప్పింది.

"అమ్మ ఎప్పుడూ అనేది. గాంధీగారు పోయారని తెలిసిన రోజు ఊళ్ళో పొయ్యి వెలగలేదంట. అప్పుడు నేను అమ్మ చంకలో ఉన్నానంట. నాకింకా నడక రాలేదంట."

గాంధీగారు చనిపోయింది 1948 జనవరి 30న. అంటే పెద్దకూతురు పుట్టింది 1947లో. మామ్మకు పన్నెండో ఏట పెళ్ళయింది. పెళ్ళయిన ఆరేళ్ళకు కూతురు పుట్టింది. అంటే కూతురు పుట్టేనాటికి మామ్మకు 18 ఏళ్ళు.

1947 లోంచి 18 తీసేస్తే 1929. మామ్మ పుట్టిన సంవత్సరం దాదాపుగా అది.
2006 లోంచి 1929 తీసేస్తే 77. చనిపోయేనాటికి మామ్మ వయసు సుమారు 77 ఏళ్ళు.

చిన్నకోడలు ఈ లెక్క కాగితం మీద తనే వేసింది. రెండు సార్లు సరిచూసుకుంది. 82 తప్పు. 70 కూడా తప్పు.

మన పెద్దవాళ్ళకు తేదీలు తెలియకపోవచ్చు. కానీ పెద్ద సంగతులు గుర్తుంటాయి. ఆ సంగతులకు సంవత్సరాలు ఉన్నాయి.

గాంధీగారు చనిపోయింది: 1948
ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది: 1956
అణాలు పోయి నయాపైసలు వచ్చింది: 1957
దివిసీమ ఉప్పెన: 1977
కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది: 1983

"అప్పటికి నీకు పెళ్ళయిందా? కడుపున ఎవరున్నారు?" అని అడిగితే చాలు. వయసు తేలుతుంది.

ఉప్పెన నాటి సంగతి

ఆ రాత్రి అందరూ మామ్మ గురించే చెప్పుకున్నారు. చిన్నకోడలు రాసుకుంటూ కూర్చుంది. మాట ఉప్పెన దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు సముద్రం దివిసీమ ఊళ్ళ మీదికి వచ్చింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున వచ్చాయని చూసినవాళ్ళు చెబుతారు. ఆ తుఫానులో 10 వేల మందికి పైగా చనిపోయారు. గొడ్డూ గోదా లెక్కే లేదు. పొలాలు ఉప్పు పట్టాయి. బావుల్లో నీళ్ళు నోట పెట్టుకోలేకపోయారు.

మామ్మ భర్త ఆ రోజే పోయాడు. మామ్మ ఒక చేత్తో పదకొండేళ్ళ చిన్నకొడుకును పట్టుకుంది. ఇంకో చేత్తో తొమ్మిదేళ్ళ చిన్నకూతుర్ని పట్టుకుంది. నీళ్ళలో కొట్టుకుపోతూ ఒక తాటిచెట్టును కాళ్ళతో పెనవేసింది. తెల్లవారేసరికి కొడుకు ఉన్నాడు. కూతురు లేదు.

"మా అమ్మ నన్ను వదల్లేదు" అన్నాడు చిన్నకొడుకు. నలభై ఏళ్ళవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చెల్లెల్నీ వదల్లేదు. నీళ్ళే లాక్కుపోయాయి. కానీ అమ్మ ఆ మాట నమ్మేది కాదు. నేనే వదిలానేమో అనేది."

ఆ పిల్ల పేరు ఏ కార్డులోనూ లేదు. ఏ బడి రిజిస్టరులోనూ లేదు. పెద్దకూతురు నెమ్మదిగా ఆ పేరు చెప్పింది. చిన్నకోడలు అది కూడా పుస్తకంలో రాసింది.

సీసాలో అగ్గిపెట్టె

మామ్మకు ఒక అలవాటు ఉండేది. కార్తీక మాసం వచ్చిందంటే అగ్గిపెట్టెను గాజు సీసాలో పెట్టి మూత బిగించేది. డబ్బాలో అటుకులు, బెల్లం పోసేది. దూలానికి ఒక మోకు కట్టి ఉంచేది. రేషన్ కార్డు, ఇంటి పట్టా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ డబ్బాలోనే పెట్టేది.

మనవలు నవ్వేవాళ్ళు. "మామ్మా, ఇప్పుడు తుఫాను షెల్టరు ఉంది. రేడియోలో ముందే చెబుతారు" అనేవాళ్ళు.

"నవ్వండి నవ్వండి. నీళ్ళు నవ్వవు" అనేది మామ్మ.

పెద్దకర్మ అయిన మర్నాడు నవంబరు 19. ఉప్పెన వచ్చిన రోజు. పొద్దున్నే చిన్నకోడలు లేచింది. మామ్మ సీసా కడిగి తుడిచింది. కొత్త అగ్గిపెట్టె పెట్టి మూత బిగించింది. ఈసారి మనవలు ఎవరూ నవ్వలేదు. పెద్దమనవరాలు తనంతట తనే వెళ్ళి అటుకుల డబ్బా తెచ్చింది.

మర్నాడు చిన్నకోడలు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళింది. రెండు పేర్లూ ఎందుకు ఉన్నాయో చెప్పింది. వయసు లెక్క కాగితం చూపించింది. కార్యదర్శి రిజిస్టరులో పుట్టింటి పేరు రాశాడు. పక్కన "అలియాస్" అని రాసి అత్తింటి పేరు కూడా రాశాడు. వయసు 77 అని రాశాడు. చెప్పినవారి సంతకం దగ్గర వేలిముద్ర డబ్బా ముందుకు జరిపాడు. చిన్నకోడలు ఆ డబ్బా పక్కకు పెట్టింది. కలం అడిగి సంతకం చేసింది.

తెలుసుకోండి

మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ వెళ్ళారు. చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యను", "ఫలానా వాడి అమ్మను" అని చెప్పారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఇలా ఎక్కువగా జరిగింది. సొంత పేరు లేనందువల్ల దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళను జాబితాలోంచి తీసేశారు. వాళ్ళ ఓటు పోయింది. పేరు చెప్పుకోవడం చిన్న సంగతి కాదు.

పుట్టుక గానీ, మరణం గానీ 21 రోజుల లోపల నమోదు చేయించాలి. 1969 నాటి చట్టం ఈ మాట చెబుతోంది. ఆలస్యమైతే రుసుము కట్టాలి. ఇంకా ఆలస్యమైతే పై అధికారుల అనుమతి కావాలి. పొలం వారసుల పేరుకు మార్చాలన్నా, బ్యాంకులో డబ్బు, బీమా డబ్బు రావాలన్నా మరణ ధ్రువపత్రం అడుగుతారు. భర్త పోయిన స్త్రీ పింఛనుకు అర్జీ పెట్టినా అడుగుతారు. అన్ని కార్డుల్లోనూ పేరు, వయసు ఒకేలా ఉన్నాయో లేదో మనుషులు ఉండగానే చూసుకోవాలి.

మాట్లాడుకోండి

1. మామ్మ పేరు ఎందుకు మార్చారు? అది సబబేనా?
2. "రేపు చెబుతాలే" అన్న మాట వల్ల ఏం జరిగింది?
3. కోడలు చదువుకోవడానికి మామ్మ ఎలా సాయం చేసింది? మీకు ఎవరు సాయం చేశారు?
4. మీ ఊళ్ళో పేరు మారిన ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళ పుట్టింటి పేరు అడిగి తెలుసుకోండి.

రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దామె దగ్గర కూర్చోండి. ఆమె పేరు, పుట్టిన ఊరు, ఆమె అమ్మ పేరు అడిగి రాయండి. ఆమె బాగా వండే కూర ఏది? ఆమె ఎక్కువగా అనే మాట ఏది? ఆమె పోగొట్టుకున్నవాళ్ళు ఎవరు? రోజుకు నాలుగు వాక్యాలు చాలు. రాసింది ఆమెకు చదివి వినిపించండి. తప్పు ఉంటే ఆమే చెబుతుంది.

ఈ పని రేపటికి పెట్టకండి. ఈ రాత్రే మొదలుపెట్టండి.