గోడౌనుకి ఏ బండి కావాలి?

గోడౌనులో బియ్యం బస్తా 50 కిలోలుంటుంది. 10 టన్నుల లోడు వస్తే 200 బస్తాలు. హమాలీ వీపు మీద మోస్తే 200 సార్లు తిరగాలి. ఈ కష్టం తగ్గించడానికే బండ్లు. మరి ఏది కొనాలి?

చిన్న గోడౌనుకి రెండు చక్రాల ట్రాలీ చాలు. 4 బస్తాలు పెడితే 50 సార్లే. నున్నటి గచ్చు ఉంటే ప్యాలెట్ బండి మంచిది. ప్యాలెట్ అంటే బస్తాలు పేర్చే చెక్క బల్ల. 20 బస్తాలు పేరిస్తే 1 టన్ను, 10 సార్లలో పని అయిపోతుంది. కానీ ఆ బండి జానెడు ఎత్తే లేపుతుంది.

ఎత్తుగా పెట్టాలంటే ఫోర్క్‌లిఫ్ట్ కావాలి. ఇది మన సైన్సులో లీవరు పాఠమే. ముందు చక్రాలు ఆధారం. ముందు సరుకు, వెనక ఇనప బరువు. కావడి లాంటిదన్నమాట! సరుకు ఆధారానికి దూరం జరిగితే బండి ముందుకి ఒరిగిపోతుంది. అందుకే ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో బండికున్న రేకు మీద రాసి ఉంటుంది. అది చదివే కొనాలి.

డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. మూసిన గోడౌనులో బ్యాటరీ బండే మేలు. దానికి చార్జింగ్ పెట్టడానికి కరెంటు ఉండాలి.

కాబట్టి ముందు అడగాల్సినవి: బరువెంత? ఎత్తెంత? నేల గట్టిదా? మలుపు తిరగడానికి చోటుందా? నడిపేవాళ్ళు పని నేర్చుకున్నారా? ధర ఆఖర్న అడగాలి. బండి బోల్తా పడితే పక్కన ఉండేది హమాలీలే. వాళ్ళు మన నాన్నలు, అన్నలే కదా!