దినార్ల మిద్దె, డాలర్ల మిద్దె

వేముల,
ఆదివారం పొద్దున.

చి. పాపకు,

నీ ప్రాజెక్టు కాగితాలు మీ నాయన వాట్సాప్‌లో పంపితే పులివెందులకు పోయి ప్రింటు తీయించుకొని రెండుసార్లు చదివినాను. ఫోనులో చదివితే నాకు తలకెక్కదు. కువైటు పోయిన కుటుంబాలు, అమెరికా పోయిన కుటుంబాలు, వీళ్ళలో ఎవరు ఎంత బాగుపడినారో తేల్చాలని కూర్చున్నావు. మంచి పని ఎత్తుకున్నావు. యోగి వేమన యూనివర్సిటీలో చదివే పిల్ల మన వేముల, పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఇండ్ల లెక్క రాయకపోతే ఇంకెవరు రాస్తారు? కానీ ఎడమ పక్క కువైటు, కుడి పక్క అమెరికా అని గీసి, మధ్యలో మిద్దె, బండి, బంగారు, ఊరికి పంపే దుడ్లు అని వరసలు వేసినావు చూడు, ఆ పట్టిక దగ్గరే నాకు నీతో పేచీ.

ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. ఆ పట్టిక నా బుర్రలోనూ ఉండేది. నెల మొదటి వారంలో కువైటు నుంచి డ్రాఫ్టులొచ్చేవి. ఆడోళ్ళు చంకలో పిల్లను వేసుకొని వచ్చి వేలిముద్ర వేసి తీసుకుపోయేవాళ్ళు. అమెరికా కొడుకులున్న ఇండ్లకు అట్లా నెలనెలా వచ్చేది తక్కువ. వస్తే ఒకేసారి పెద్ద మొత్తం వచ్చేది, లేకుంటే ఏడాదంతా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కువైటోళ్ళే కలిగినోళ్ళని, అమెరికావాళ్ళు అమ్మానాయనలను మరిచిపోయినారని టీ అంగడి దగ్గర నేనే వాదించినాను. నా తప్పు నాకు తెలిసేసరికి శానా ఏళ్ళు పట్టింది.

కువైటులో ఇంటి డ్రైవరుగా ఉన్నవానికి పెండ్లాం పిల్లలు ఇక్కడే ఉంటారు. తీసుకుపోనీరు. 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్ళీ తెరిచినప్పుడు నెలకు 800 దినార్ల జీతం ఉండాలన్నారు. డ్రైవరు జీతం అందులో పదో వంతు. కాబట్టి వాని సంపాదనలో తిండికి, ఫోనుకు పోగా మిగిలిందంతా వేములకు రావాల్సిందే. డల్లాస్‌లో ఉన్నవాని ఇంటి అప్పు, కారు, పిల్లల చదువు అన్నీ అక్కడే. వాని సంపాదన మన ఊళ్ళో కనపడదు. ఊరికొచ్చే దుడ్లను చూసి నువ్వు కొలిచేది వాళ్ళ ఆదాయాన్ని అనుకుంటున్నావు. ఆ కుటుంబం సముద్రానికి ఏ పక్కనుందో అదే ముందు కొలతకొస్తుంది. దేశం మొత్తం మీద చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2023-24 సర్వేలో మన దేశానికి వచ్చిన వలస డబ్బులో అమెరికా వాటా 27.7 శాతం, కువైటు వాటా 3.9 శాతం. నా కౌంటరు దగ్గర నాకు కనపడింది దీనికి తలకిందులు. రెండూ అబద్ధం కాదు. నీ పట్టికలో ఊరికి పంపే దుడ్ల వరసను మాత్రం రెండుగా చీల్చు: ఊరికి పంపింది, అక్కడ నిలబెట్టుకున్నది.

ఇంకో మాట. అమెరికాలో భారతీయుల ఇంటి మధ్యస్థ ఆదాయం ఏడాదికి 1,51,200 డాలర్లని ప్యూ పరిశోధన సంస్థ వాళ్ళ 2023 అంకె తెచ్చి పెట్టినావు. అంకె సరైనదే. కానీ అది ఇంటి ఆదాయం. శానా ఇండ్లలో మొగుడూ పెండ్లామూ ఇద్దరూ ఉద్యోగస్తులే. పైగా అక్కడున్న మనవాళ్ళలో పాతికేళ్ళు దాటిన నూరుమందిలో 77 మంది డిగ్రీ, ఆ పైన చదివినవాళ్ళు. మన మండలంలో నూరుమందిని నిలబెడితే ఎంతమంది తేలుతారో నీకు తెలుసు. 1990 అమెరికా వలస చట్టం తెచ్చిన ఉద్యోగ వీసా హెచ్‌వన్‌బీకి డిగ్రీయే గడప. ఏడాదికి 65,000 వీసాలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకు ఇంకో 20,000. అంత సన్న జల్లెడ పట్టిన బియ్యాన్ని ఒక చాటలో పోసి, కళ్ళంలో ఎత్తిన వడ్లను ఇంకో చాటలో పోసి, ఇవెందుకు తెల్లగున్నాయి, అవెందుకు లేవు అని అడిగితే ఎట్లా?

కువైటు దారిలో కూడా జల్లెడ ఉంది, తీరు వేరు. పదో తరగతి పాసు కాకపోతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ పడుతుంది. 1983 వలస చట్టం కింద కువైటుతో కలిపి 18 దేశాలకు పోవాలంటే అనుమతి తీసుకోవాలి. అక్కడ దిగినాక 18వ నంబరు వీసానా, 20వ నంబరు వీసానా అన్నది ఇంకో గీత. 18 అంటే కంపెనీ పని; 2010 లేబరు చట్టం వర్తిస్తుంది. 20 అంటే ఇంటిపని, ఇంటి డ్రైవరు. ఆ చట్టం బయట. 2015 దాకా వాళ్ళకంటూ వేరే చట్టమే లేదు. మరుసటేడు ఇంటిపనికి కనీస జీతం 60 దినార్లని పెట్టినారు. అదే కువైటులో ఆసుపత్రి నర్సులున్నారు, చమురు కంపెనీ ఇంజనీర్లున్నారు. వాళ్ళందరినీ ఒకే గడిలో పోసి సగటు తీస్తే, ఆ సగటు మనిషి వెతికినా దొరకడు.

అప్పు సంగతికి వస్తాను, నాకు బాగా తెలిసింది అదే. రెండు దారులూ మొదలయ్యేది అప్పుతోనే. ఒకరు బంగారు పెడతారు, ఇంకొకరు భూమి పెడతారు.

ఒకామె గాజుల జత నాకిప్పటికీ కండ్లముందుంది. 24 గ్రాముల పైన రొంత. ఒక గాజు మీద పూవు అరిగిపోయి గుండు మాత్రం మిగిలింది. భర్త వీసాకు ఏజెంటుకు కట్టాలని మొదటిసారి కుదవకు తెచ్చింది. రెండేళ్ళ పైన పట్టింది విడిపించుకోవడానికి. చీనీ చెట్లు ఎండిపోతుంటే కొత్త బోరు వేయాలని రెండోసారి తెచ్చింది. కూతురు పెండ్లికి మూడోసారి. ఆ మూడోసారి మా అప్రైజరు త్రాసు తీయకుండానే బరువు చెప్పేసినాడు. ఆమె నవ్వి, "సామీ, అవి నా చేతికన్నా మీ ఇనప్పెట్టెలోనే ఎక్కువ కాలం ఉండినాయి" అనింది. నువ్వు ఆ ఇంటికి పోయి "బంగారు ఎంతుంది?" అని అడిగితే 24 గ్రాములని రాసుకొని వస్తావు. ఎక్కడుంది అని కూడా అడుగు.

లెక్క కూడా వేసి చూపిస్తా. చట్టం ప్రకారం ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మనవాళ్ళు ఇచ్చేది లక్షన్నర అనుకో. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. దినారు 220 రూపాయలున్న రోజుల్లో 80 దినార్ల జీతగాడు 20 ఖర్చు పెట్టుకొని 60 పంపితే 13,200. ఇంటికి 3,200 ఉంచుకొని 10,000 అప్పుకు కట్టినా తీరేసరికి ఏడాదిన్నర. కాంట్రాక్టు రెండేళ్ళే. వాడు నిజంగా తనకోసం పని చేసింది చివరి ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లోనే జీతం ఆగినా, యజమాని అంటే కఫీల్, అకామా అనే నివాస పర్మిటు రెన్యూ చేయకపోయినా, వాడు ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి అయిపోయి దొంగచాటుగా బతకాల్సిందే. నువ్వు ఇట్లాంటి ఇండ్లను పట్టుకోకుండా మిద్దె కట్టినవాళ్ళ దగ్గరికి మాత్రమే పోతున్నావు. తిరిగొచ్చి మళ్ళీ అరటి గెలలు మోస్తున్నవాణ్ణి, ముగ్గురాయి మిల్లులో దుమ్ము మింగుతున్నవాణ్ణి ఎవరూ "కువైటు ఇల్లు" అని చూపించరు.

అమెరికా అప్పు సంగతి క్లుప్తంగా చెప్తా, నీ స్నేహితులకే తెలుసు. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు పొలం కాగితాలు అడుగుతుంది. పిల్లోడు చదువు ముగించి ఉద్యోగం పట్టేదాకా నాయనకు నిద్ర ఉండదు.

ఇక్కడ నా తప్పు ఇంకొకటి చెప్పుకోవాలి. పన్నెండేళ్ళు కువైటులో బండి తోలి వచ్చినాయన సొంతంగా లారీ కొనుక్కుంటానని అప్పుకు వచ్చినాడు. జీతం చీటీలు లేవు, పన్ను కాగితాలు లేవు. కుదరదన్నాను. అదే వారం ఉద్యోగం ఇంకా ముఖం చూడని పిల్లోనికి అమెరికా సీటు కాగితం చూసి లక్షలు రాసిచ్చినాను. రూలు ప్రకారమే చేసినాను, కాదనను. కానీ పన్నెండేళ్ళ పనితనం ఉన్న మనిషి కన్నా యూనివర్సిటీ ముద్రనే నేను నమ్మినాను. ఆయన ప్రొద్దుటూరులో బయటి వడ్డీకి తెచ్చుకొని దెబ్బతిన్నాడు. నీ అధ్యాపకులు "కువైటు డబ్బు ఎందుకు పెట్టుబడిగా మారలేదు?" అని అడిగితే, నా లాంటి గుమాస్తాను కూడా కారణాల్లో రాయి.

భద్రత అన్న వరస నీ పట్టికలో లేనే లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ నుంచి సద్దాం సైన్యం కువైటులో దిగింది. మనవాళ్ళు ఎడారి దాటి జోర్డాన్‌లో అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలు దాదాపు 1,70,000 మంది భారతీయులను తెచ్చినాయి. ఒక సంచితో దిగినోళ్ళు ఉన్నారు. పదేళ్ళ కష్టం ఒక పొద్దుతో పోయింది. అమెరికాలో అట్లా ఒక్కసారిగా ఊడ్చేయరు, కానీ ఉద్యోగం పోతే హెచ్‌వన్‌బీ మీదున్నవానికి ఇంకో పని వెతుక్కోను 60 రోజులే గడువు. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డులో ఏ దేశానికీ ఏడు శాతం మించనీరు గనక మన పిల్లలు తల నెరిసేదాకా వరసలో నిలబడతారు. తేడా ఏమిటంటే ఆ వరసకు ఒక చివర ఉంది. కువైటులో ముప్పై ఏళ్ళు చేసినా మనవాళ్ళకు చివరికి దొరికేది తిరుగు టికెట్టే.

ఒక ముచ్చట చెప్తా, నీ ప్రాజెక్టుకు పనికిరాకపోయినా సరే. ఒకప్పుడు కువైటులో చెలామణి అయింది మన రూపాయే. 1961లో దినారు వచ్చినప్పుడు దాని విలువ 13 రూపాయల మీద మూడో వంతు. ఇప్పుడు 270 పైమాటే. మా నాయన కాలంలో వాళ్ళ అంగళ్ళలో చెల్లిన రూపాయి కోసం, ఇప్పుడు మనం వాళ్ళ పెరళ్ళు ఊడుస్తున్నాము.

ఇదంతా చదివి కువైటు పోయినోళ్ళంతా చెడిపోయినారని రాసేవు, జాగ్రత్త. ఎక్కడ నిలబడి ఎక్కడికి చేరినారో చూడు. హైదరాబాదులో ఉద్యోగం చేయగలిగిన ఇంజనీరు అమెరికా పోయి ఎదిగింది ఎంత? కూలి దొరకని రోజు పస్తుండే ఇంటి ఆడమనిషి పరాయి దేశంలో గిన్నెలు తోమి ఇద్దరు పిల్లలను పది దాటించింది ఎంత? డాలర్లలో అయితే మొదటిదే పెద్దది. మెట్లు లెక్కపెడితే నేనైతే రెండో ఇంటి పేరే ముందు రాస్తా.

ఇక నీ పట్టికకు అసలు చిక్కు. మన మండలంలోనే ఒక ఇల్లుంది. తండ్రి పద్నాలుగేళ్ళు కువైటులో డ్రైవరు. కొడుక్కు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. 2008లో ఆ కాలేజీ మన పక్కనే పెట్టకపోయి ఉంటే ఆ పిల్లోడు కూడా డ్రైవింగు లైసెన్సే తీసుకునేవాడు. ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. ఆ ఇంటిని ఎడమ పక్క రాస్తావా, కుడి పక్క రాస్తావా? ఆ ఇంటి తల్లిని అడిగినాను, నీ పేరు చెప్పకుండా. "పైన మిద్దె కొడుకుది, కింద మిద్దె ఆయనది" అనింది. "నీదేది?" అన్నాను. నా ముఖం వైపు చూసి, "నేను మధ్యలో మెట్ల మీదున్నా" అనింది. పట్టాలు రెండూ మగవాళ్ళ పేర్లమీదే ఉన్నాయి. ఆ పద్నాలుగేళ్ళు సేద్యం చేసింది, అప్పు కట్టింది, పిల్లోణ్ణి చదివించింది ఆమె. ప్రశ్నల కాగితంలో "ఇంటి యజమాని పేరు" అన్న చోట ఎవరిని రాస్తున్నావో ఒకసారి చూసుకో.

కేరళవాళ్ళు 1998 నుంచి కొన్నేళ్ళకోసారి ఇండ్లిండ్లకు పోయి వలస లెక్క తీస్తున్నారు. వాళ్ళ ప్రశ్నలు తెప్పించుకొని చదువు; ఎన్ని వేల ఇండ్లు తిరిగినారన్న దాని కన్నా ఏమేం అడిగినారో చూడు. నువ్వు మొత్తం నలభై ఇండ్లే తిరిగినా పరవాలేదు, వాటిలో పది తిరిగొచ్చినవాళ్ళవి ఉండాలి.

వచ్చే ఆదివారం వస్తే ఆ గాజులామె దగ్గరికి తీసుకుపోతా. మధ్యాహ్నం రెండు దాటినాక పోదాం, అంతదాకా ఆమె తోటలో ఉంటుంది. ఫోను ముందు పెట్టి రికార్డు చేయొద్దు, నోరు మూసుకుంటుంది. నోటుబుక్కు చాలు. భర్త సంగతి మొదట ఎత్తవాకు. బోరు సంగతి అడుగు, మిగతాది తనే చెప్తుంది. మీ పెద్దమ్మ సంగటి చేస్తానంటోంది, కడపలో తిని రావద్దు.

ఇట్లు,
మీ పెద్దనాయన