ఎండాకాలానికి నిలిచే మంద

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జీవాలను నమ్ముకున్న ఇళ్లల్లో ఎండలు ముదరకముందే ఒక నిర్ణయం జరగాలి. మందలో ఎన్ని ఉంచుకోవాలి, ఎన్ని అమ్మాలి? ఇంటి యజమాని ఆశ ఎంత, ఓపిక ఎంత, పనికి వచ్చే చేతులు ఎన్ని, ఊరి చెరువులో నీళ్లు ఏ నెల దాకా ఉంటాయి అన్నవన్నీ ఆ ఒక్క అంకెలో తేలతాయి. మనిషి తనను తాను ఎంత ఎరుగునో తెలిపే లెక్క ఇంతకు మించింది నాకు కనబడలేదు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకుర్మలకు గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఈ అంకెను సర్కారే ఖాయం చేసింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ ధర 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. లబ్ధిదారు కట్టాల్సింది 31,250. తర్వాత ధర 1.75 లక్షలకు, లబ్ధిదారు వాటా 43,750కి పెరిగాయి. 2012 పశుగణనలో రాష్ట్రంలో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 నాటికి 1.90 కోట్లు దాటి, దేశంలోనే మొదటి స్థానానికి చేరాయి. పథకం మంచిచెడ్డల చర్చ వేరే ఉంది. అందరికీ ఇచ్చింది 21 అయినా అన్ని ఇళ్లల్లో అవి 21గా నిలవలేదు. కొందరు అమ్ముకున్నారు. కొందరు అన్నదమ్ముల జీవాలతో కలిపి ఒకే మంద చేశారు. ఇంకొందరు వాటినే పెంచుకుంటూ పోయారు.

కలిపినవాళ్ల ఆలోచన చూడండి. ఇరవై గొర్రెలను మేపాలన్నా ఒక మనిషి పొద్దున తోలుకుపోయి పొద్దుగూకేదాకా వాటి వెంటే తిరగాలి. అరవైని మేపాలన్నా అంతే. ఇరవై కోసం రోజు కూలి వదులుకున్నవాడికి పిల్లలు అమ్ముడుపోయేదాకా చేతికి ఏమీ రాదు. గొర్రె సూడి ఐదు నెలలు, పిల్ల ఎదగడానికి మరికొన్ని నెలలు. ముగ్గురు కలిస్తే ఒకరు మేపుతుంటే ఇద్దరు పొలం పని చూసుకోవచ్చు, వంతులు వేసుకోవచ్చు. మరీ తక్కువ ఉండటం కూడా నష్టమేనని వాళ్లు గ్రహించారు. ఉన్నంతలో సరిపెట్టుకొమ్మని చెప్పే పుస్తకాలు ఈ మాట చెప్పవు.

ఎక్కువ కావడం మాత్రం తెలియకుండానే జరిగిపోతుంది. మేత బాగుంటే గొర్రె రెండేళ్లలో మూడు ఈతలు ఈనగలదు. పుట్టినవాటిలో సగం ఆడపిల్లలు. ఏదీ అమ్మకుండా ఉంచుకుంటే ఇరవై కాస్తా రెండేళ్లు తిరిగేసరికి రెట్టింపు దాటుతాయి. శ్రావణ భాద్రపదాల్లో గట్లన్నీ పచ్చగా ఉన్నప్పుడు అరవై మందను చూస్తే కడుపు నిండినట్టే ఉంటుంది. చైత్ర వైశాఖాల్లో ఆ అరవయ్యే మనిషిని నిద్రపోనివ్వవు. ఒక్కో గొర్రె రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు తాగుతుంది. అంటే మందకు మూడు వందల లీటర్లకు పైనే. బోరు ఎండితే అవి ఎక్కడి నుంచి తెస్తారు? పచ్చిమేత అయితే తలకు రోజుకు మూడు కిలోలకు పైగా కావాలి. అందుకే పాలమూరు కాపరులు మందలను తోలుకుని కృష్ణ ఒడ్డుకో, నల్లమల వైపో వలస పోతారు. దారి పొడవునా రాత్రిపూట చేలల్లో మంద కడితే రైతుకు ఎరువు, కాపరికి ఇంత గింజలో పైసలో.

ఇప్పుడు ఆ దారులూ ఇరుకవుతున్నాయి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో పాలమూరులో నీళ్లు పారిన చోట రెండో పంట వచ్చింది. రైతుకు అది వరం, సందేహం లేదు. కానీ పంట లేని బీడు తగ్గితే మేపుకునే చోటు తగ్గుతుంది. తాత కాలంలో వంద నిలిచిన ఊళ్లో ఇవాళ యాభై నిలవడం కష్టం. తాత మంద ఎంతుండేదన్న గొప్ప ఈ వైశాఖంలో ఒక్క గొర్రెకు కూడా మేత పెట్టదు.

పట్నాల్లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తోలేవాళ్లకూ ఇదే చిక్కు. ముహూర్తాలున్నన్ని రోజులు ఎన్ని ఉన్నా చాలవు. ఆషాఢంలోనూ మూఢంలోనూ కిరాయి ఉండదు, మేత ఖర్చు మాత్రం తప్పదు. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది కిలోల దాకా ఎండుమేత పడుతుంది. కిరాయిలు జోరుగా ఉన్న నెలను చూసి మూడో గుర్రం కొన్నవాడు, ఖాళీ నెలల్లో మూడింటికీ దాణా తగ్గించాల్సి వస్తుంది. కొత్తదాని కోసం పాతవాటి కడుపు కొట్టడం న్యాయం కాదు.

నా నమ్మకం ఇది. ఎన్ని ఉండాలన్నది చెడ్డ నెలను చూసి తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నవాడికే అమ్మే ధైర్యం వస్తుంది. అమ్మడం మంద పెంపకంలో సగం పని. పళ్లూడిన గొర్రె, రెండు కాలాలు గొడ్డుపోయిన గొర్రె, పోటీకి తప్ప పనికిరాని రెండో పొట్టేలు, ఇవి ఎండలకు ముందే దొడ్డి దాటాలి. ఇరవై ముప్పై గొర్రెలకు ఒక్క పొట్టేలు చాలు, దాన్ని కూడా రెండేళ్లకోసారి మార్చాలి. పండుగ గిరాకీ చూసి తన ఇష్టంతో అమ్మినవాడు బేరం ఆడగలడు. నీళ్లు లేక వైశాఖంలో అమ్మేవాడు వచ్చిన ధర తీసుకుంటాడు. జీవం మీద మమకారం లేక అమ్ముతున్నాడని ఎవరైనా అంటే అననివ్వండి. మిగిలినవాటికి నట్టల మందు, వానలకు ముందు చిటుకు రోగం టీకా, నీడ, నీళ్లు సమయానికి అందించేవాడి మమకారమే అసలైనది.

జీవాలు లేని పాఠకులకూ ఈ లెక్క పనికొస్తుంది. ఒక దుకాణం నడుస్తోందని రెండోది తెరిచేవాళ్లు, పదిమంది పిలిచారని పది సంఘాల్లో పదవి ఒప్పుకునేవాళ్లు, ఒక్క పరీక్షకు తయారవుతూ మూడు కోచింగ్‌లలో చేరే పిల్లలు తమ వైశాఖం ఏ నెలలో వస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఈ ఏడు ఫాల్గుణం దాటకముందే ఒక కాగితం తీయండి. మీ దగ్గరున్నవాటిని వరసగా రాసి, గడ్డు నెలలో ఒక్కోదానికి ఎవరు నీళ్లు పెడతారో ఎదురుగా పేరు రాయండి. పేరు దొరకనిదాన్ని మంచి ధర పలుకుతున్నప్పుడే అమ్మేయండి.