పసుపు ప్యాకెట్ సీల్ ఎందుకు విడిపోతుంది? స్టాటిక్ కరెంటుకు నేను చేసిన ఉపాయం

పోయిన ఫిబ్రవరిలో నేను ప్యాక్ చేసిన పసుపు ప్యాకెట్లు నలభై వాపస్ వచ్చినయ్. "పొడి గడ్డ కట్టింది తమ్మీ" అని నిజామాబాద్‌లో కిరాణా అన్న ముఖం మీదే చెప్పాడు. 2015లో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఇంట్లో చెరకు తగ్గించి పసుపు పెంచాం. జీవామృతం పోసి తొమ్మిది నెలలు సాకిన పంట, చివరికి సీల్ దగ్గర పాడైంది.

ముందు సీలింగ్ మెషిన్‌ను తిట్టుకున్నా. వేడి పెంచితే పౌచ్ ముడుచుకుపోయింది. సీల్ విప్పి చూస్తే లోపల సన్నగా పసుపు గీత. పొడి మధ్యలో ఉంటే ప్లాస్టిక్ పొరలు అతుక్కోవు. ఆ సందులోంచి తేమ లోపలికి పోతుంది.

పొడి అక్కడికి ఎట్లా వచ్చింది?

దువ్వెన తలకు రుద్ది కాగితం ముక్కలను లాగే ఆట గుర్తుందా? ఇదీ అదే. పొడి ప్లాస్టిక్ గరిటె మీద, పౌచ్ గోడల మీద రాసుకుంటూ జారితే స్టాటిక్ కరెంటు పుడుతుంది. గాలిలో తేమ ఉంటే అది మెల్లగా దిగిపోతుంది. మన పసుపు సీజన్ జనవరి నుంచి మార్చి దాకా, గాలి పొడిగా ఉండే రోజులు. అందుకే పొడి పౌచ్ అంచుకు అంటుకుంటుంది.

టేబుల్‌కు ఎర్త్ వైర్ కట్టాను. సగమే పనిచేసింది. ఎర్తింగ్‌తో ఇనుము, స్టీలు మీది కరెంటు పోతుంది. ప్లాస్టిక్ మీది కరెంటు కదలదు, దానికి గాలిలో తేమే మందు.

ఇప్పుడు నేను చేసేది (వీడియోలో చూపించాను)

1. ప్లాస్టిక్ గరిటె, గరాటు తీసేసి స్టీలువి పెట్టా. గరాటుకు ఎర్త్ వైర్ కట్టా.
2. గరాటు మూతి సీల్ గీత కంటే మూడు వేళ్లు కిందికి దిగాలి. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే.
3. పౌచ్‌లను కట్టలోంచి సర్రున లాగొద్దు. లాగితేనే కరెంటు పుడుతుంది. ముందే మెల్లగా విడదీసి పెట్టుకోండి.
4. గదిలో పొడికి దూరంగా తడి గోనెసంచులు వేలాడదీయండి. తేమ మీటరు 50 శాతం దగ్గర ఉండాలి, నేను 55 దాటనివ్వను. పసుపు పొడిలో తేమ 10 శాతం మించకూడదు కదా, కాబట్టి పొడి డబ్బా మూసే ఉంచండి.
5. నూలు బట్టలే వేసుకోండి. పాలిస్టర్ వద్దు.

ఒక జాగ్రత్త: గాలిలో లేచిన సన్నని పొడికి నిప్పురవ్వ తగిలితే భగ్గున అంటుకోవచ్చు. ప్యాకింగ్ గదిలో స్టవ్వు వద్దు, దుమ్ము పేరుకోనివ్వద్దు.

చివరగా బకెట్ పరీక్ష. ప్రతి యాభై ప్యాకెట్లకు ఒకటి నీళ్లలో ముంచి నొక్కండి. బుడగ వస్తే ఆ యాభై మళ్లీ చూడాలి.

జాతీయ పసుపు బోర్డు 2025లో మన నిజామాబాద్‌లోనే మొదలైంది. కొమ్ములు యార్డులో పోసి రాకుండా పొడి చేసి అమ్ముదామనుకునే అన్నలు, అక్కలు మిషన్ కొనేముందు గరాటు మార్చండి. నాకైతే ఆ నలభై ప్యాకెట్లు నేర్పిన పాఠం ఇది.