అంతర్జాలమున మంచిపేరు
(గ్రామ పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దల మాట. ఒకప్పుడు మనిషి మంచిచెడ్డలు రచ్చబండకడ తేలెడివి. పొరుగూరి సంతదాక ఒకని పేరు పోయినచో అది చాల దూరము పోయినట్లే. నేడట్లు కాదు. ఉదయము మన వీధిలో మురుగుకాలువ పొంగినచో, మధ్యాహ్నమునకు ఆ దృశ్యము హైదరాబాదులో చదువుకొను విద్యార్థి ఫోనులోను, గల్ఫు దేశమునకు పనికై పోయిన సోదరుని ఫోనులోను కనబడుచున్నది. సర్పంచి ఏమి చేసెనో, వార్డు సభ్యురాలు ఏమి పలికెనో ఊరు విడిచిన వారు కూడ తెలిసికొనుచున్నారు. కనుక అంతర్జాలమున మన పేరు మన ప్రమేయము లేకున్నను తయారగుచునే యున్నది. అది నిజమైన పేరుగా ఉండునట్లు చూచుకొనుట ఎట్లు? అదియే ఈ పాఠమునకు విషయము.

పేరు, ముద్ర

'బ్రాండు' అను ఆంగ్లపదమునకు మూలార్థము కాల్చి వేసిన గురుతు. మందలో తమ పశువును గుర్తించుటకు యజమానులు వేయు ముద్ర వంటిది. పిమ్మట వ్యాపారులు తమ సరకుపై వేయు గురుతుకు ఆ పేరు వచ్చినది. 1997లో టామ్ పీటర్స్ అను అమెరికా రచయిత, పనిచేయు ప్రతి మనిషికిని తనదంటూ ఒక ముద్ర ఉండవలెనని ఒక వ్యాసమున వ్రాసెను. 'వ్యక్తిగత బ్రాండు' అను భావమునకు దానితో ప్రచారము హెచ్చినది. అదే సంవత్సరమున, అంతర్జాలములో తేదీల వరుసగా వ్రాసికొను పుటలకు 'వెబ్‌లాగు' అను పేరు పుట్టినది. 1999లో అది 'బ్లాగు' అను చిన్నమాట అయినది. 2005లో యూట్యూబు వచ్చిన పిమ్మట వ్రాయనేర్వని వారికి కూడ ఈ తలుపు తెరచుకొన్నది.

ఇందొక భేదమును గమనింపవలెను. పశువుపై ముద్రను యజమాని వేయును. మనిషిపై ముద్రను మాత్రము అతని పని చూచిన వారే వేయుదురు. మనము చేయగలిగినది ఒక్కటే: మన పనిని ఉన్నది ఉన్నట్లుగా వారికి చూపుట.

మన పల్లెల నిదర్శనములు

జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి చిన్న ఊరు. అచ్చటి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అను యూట్యూబు చానలును ప్రారంభించెను. పల్లె జీవితమును పల్లె మాటలలోనే చూపిన ఆ చిత్రముల ద్వారా గంగవ్వగారు రెండు రాష్ట్రములకును పరిచయమైరి. ఆమెకు పెద్దగా బడిచదువు లేదు. చెప్పిన మాటను విని, తన యాసలో, తన ధోరణిలో పలికిరి. తరువాత చలనచిత్రములలో నటించిరి. 2020లో బిగ్ బాస్ కార్యక్రమమున కూడ పాల్గొనిరి. ఆమె పట్టణపు మాటను అరువు తెచ్చుకొనలేదు. ఆ సహజత్వమే ఆమె ముద్ర.

ఆంధ్రప్రదేశములోని పల్లెకు చెందిన మస్తానమ్మగారు పండు వృద్ధాప్యమున కట్టెల పొయ్యిమీద వంట చేసి చూపిరి. 2016లో మొదలైన 'కంట్రీ ఫుడ్స్' చానలు ద్వారా ఆమె చేతివంటను దేశదేశములవారు చూచిరి. 2018లో ఆమె మరణించినపుడు ఎన్నడును ఆమెను ప్రత్యక్షముగా చూడనివారు సైతము విచారించిరి.

తెలంగాణమునకు చెందిన నారాయణరెడ్డిగారు 2017లో మొదలైన 'గ్రాండ్‌పా కిచెన్' చానలులో పెద్ద పెద్ద పాత్రలతో వంటలు వండి, ఆ భోజనమును అనాథ బాలలకు పెట్టెడివారు. 2019లో వారు కాలధర్మము చెందిరి. వంట చేయువారు లోకమున ఎందరో కలరు. ఆ వంట ఎవరి ఆకలి తీర్చినదో చూపుటవలన వారి పేరు నిలిచినది.

ఈ మువ్వురి చరిత్రలలో సామాన్యమైన లక్షణములు మూడు. వారు తమకు తెలిసిన పనినే చూపిరి. తమ సహజ ధోరణిలోనే చూపిరి. ఒకనాడు చూపి ఊరకుండక, క్రమముగా చూపిరి.

వ్యక్తి పేరు, పదవి పేరు

పంచాయతీ సభ్యులు ఇచ్చట ఒక జాగ్రత్త వహింపవలెను. సర్పంచి స్వంత పుట వేరు, గ్రామ పంచాయతీ పుట వేరు. మొదటిది వ్యక్తికి చెందినది. రెండవది పదవికి, అనగా ఊరికి చెందినది. పంచాయతీ పదవీకాలము ఐదేండ్లు. పదవి ముగిసిన నాడు కార్యాలయపు తాళపుచెవులు, తీర్మానముల పుస్తకము అప్పగించినట్లే, పంచాయతీ పుటయు దాని పాస్‌వర్డును తరువాతి పాలకవర్గమునకు అందవలెను. కనుక పంచాయతీ పుటను సొంత ఫోను నంబరుతో కాక, కార్యాలయపు నంబరుతో, తీర్మానము ద్వారా తెరచుట మేలు. దానిని నిర్వహించు బాధ్యత ఎవరిదో తీర్మానముననే వ్రాసికొనవలెను. ఆ పుటలో ఒక వ్యక్తి స్తుతియు, ఒక పక్షపు ప్రచారమును ఉండరాదు.

మహిళా సభ్యుల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. మన రెండు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము మహిళలకు కేటాయింపబడినవి. అయినను కొన్నియెడల ఆమె పేరుమీద భర్తయో, కుమారుడో మాటలాడు అలవాటు పోలేదు. ఫోటోలో ఆమె ఒక మూల నిలిచియుండగా, శంకుస్థాపన కొబ్బరికాయను మరియొకరు కొట్టుచుందురు. అట్టి చిత్రము అంతర్జాలమున ఆమె పేరును పెంచదు, తుడిచివేయును. సోదరీమణులు తమ వార్డు సంగతిని తమ గొంతుతోనే రెండు నిమిషములు చెప్పుట అలవరచుకొనవలెను. తడబడినను తప్పులేదు. ఆ మాట తనదైయుండవలెను.

ఏమి తెలుపవలెను?

మాటలు కోటలు దాటును, కాళ్ళు గడప దాటవు అను సామెత అంతర్జాలమున త్వరగా బయటపడును. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీల ప్రణాళికలను, ఖర్చుల వివరములను ఎవరైనను చూడవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ సెక్షను ప్రకారము ప్రజాసంస్థలు తమంతట తాము కొంత సమాచారమును ప్రకటింపవలెను. కావున మనము చెప్పు లెక్కకు, అచ్చట కనబడు లెక్కకు పొత్తు కుదరవలెను.

ఒక పనిని గురించి తెలుపునపుడు ఐదు సంగతులు చెప్పిన చాలును: ఏ పని, ఎచ్చట, ఏ తేదీన మొదలైనది, ఎంత సొమ్ము మంజూరై ఎంత ఖర్చైనది, ఇంకను ఏమి మిగిలినది. పనికి ముందొక ఫోటో, తరువాతనొకటి జతచేయవలెను. పూలదండల ఫోటోలు పదింటికంటె ఈ రెండు ఫోటోలు మేలు.

చెడ్డదినమున ఏమి చేయవలెను?

నిజమైన పరీక్ష ఇచ్చటనే కలదు. వేసవిలో ఒక గ్రామమున బోరు మోటారు కాలిపోయినదనుకొందము. మూడు దినములుగా కుళాయిలకు నీరు లేదు. బిందెలతో నిలిచిన స్త్రీల చిత్రమును ఎవరో వాట్సాప్‌లో పెట్టిరి. అపుడు సర్పంచి ఎదుట రెండు మార్గములు కలవు. మొదటిది, చిత్రము పెట్టినవానిపై కోపించి, ఇది ప్రతిపక్షుల కుట్రయని వ్రాయుట. రెండవది, ఉన్న సంగతి చెప్పుట: "మోటారు సోమవారము కాలిపోయినది. బాగుచేయుటకు పంపితిమి. గురువారము బిగింపగలమని తలంచుచున్నాము. అందాక ఉదయము ఆరుగంటలకు, సాయంకాలము ఐదుగంటలకు ట్యాంకరు వచ్చును. రెండవ మోటారు ముందే సిద్ధముగా ఉంచకుండుట మా పొరపాటు."

ఈ చివరి వాక్యమును వ్రాయుట కష్టము. కాని దానిని చదివినవారు తరువాత ఆ సర్పంచి చెప్పు మంచిమాటను కూడ నమ్ముదురు. గురువారము పని కాకున్నచో గురువారమే మరల చెప్పవలెను. ఊరకుండుట వలన వదంతికి చోటు దొరకును. సంవత్సరమంతయు కూడబెట్టిన పేరు నిలుచుటయు, పోవుటయు అట్టి మూడు దినములలోనే జరుగును.

చేయరాని పనులు

పింఛను పొందు వృద్ధుల ఆధార్ నంబరు, బ్యాంకు పాసు పుస్తకము కనబడునట్లు ఫోటోలు పెట్టరాదు. సాయము పొందినవారి చిత్రమును వారి సమ్మతి లేక ప్రకటింపరాదు. పేదరికము ప్రదర్శన వస్తువు కాదు. పసిపిల్లల విషయమున మరింత జాగ్రత్త అవసరము. నిజానిజములు తెలియని వార్తను ముందుకు పంపరాదు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులో ఉన్న దినములలో అంతర్జాల ప్రచారము కూడ దానికి లోబడియుండునని మరువరాదు. డబ్బిచ్చి అభిమానుల సంఖ్యను కొనుట తూకపు రాళ్ళను మార్చుట వంటిది. పాస్‌వర్డును, ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. సైబరు మోసమున సొమ్ము పోయినచో ఆలసింపక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

ఊరి పనివారికి తోడ్పాటు

సభ్యులు తమ పేరుతోపాటు ఊరి పనివారి పేరును కూడ తలపెట్టవలెను. పోచంపల్లి ఇక్కత్, బనగానపల్లె మామిడి, తాండూరు కంది, ఆత్రేయపురం పూతరేకులు భౌగోళిక గుర్తింపు పొందినవి. ఆ ఊరిపేరే ఆ సరకుకు ముద్ర. అట్టి సరకును తయారుచేయు నేతగాడు, రైతు, వంటగత్తె తమ పుటలో తమ చేతిపనిని, ధరను, ఊరిని స్పష్టముగా చూపినచో కొనువారికి నమ్మకము కలుగును. పచ్చళ్ళు, మిఠాయిలు అమ్మువారు ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేసికొనవలెను. సొమ్ముగాని వస్తువుగాని పుచ్చుకొని ఒక సరకును మెచ్చుకొనునపుడు ఆ సంగతిని చెప్పి తీరవలెనని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ సూచించినది. ఊరిలోని చదువుకొన్న యువకులు ఇద్దరు గ్రంథాలయమునగాని, పంచాయతీ కార్యాలయమునగాని వారమునకొక గంట కూర్చుండి ఈ పని నేర్పవచ్చును.

ముగింపు

అంతర్జాలము గ్రామసభకు బదులు కాదు. ఫోను లేనివారు, చదువరాని వారు ఊరిలో ఇంకను కలరు. మొదట గ్రామసభలో చెప్పి, ఆ మాటనే పుటలో పెట్టవలెను. సభలో చెప్పలేని మాటను పుటలో వ్రాయనక్కరలేదు. ఈ ఒక్క నియమమును పాటించినచో పేరుకై వేరే పాటుపడవలసిన పని లేదు. చేసిన పనియే పేరు తెచ్చును. పుట దానికి సాక్ష్యము పలుకును.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన పంచాయతీ పేరుతో ఇప్పుడు నడచుచున్న పుటలు, వాట్సాప్ బృందములు ఎన్ని? వాని పాస్‌వర్డులు ఎవరివద్ద ఉన్నవి?

2. గడచిన ఆరు మాసములలో మనము ప్రకటించిన పనులకు, పోర్టల్‌లోని లెక్కలకు పొత్తు కుదిరినదా?

3. మన ఊరిలో పదిమందికి తెలియదగిన చేతిపని ఎవరిది? వారికి మొదటి పుట తెరచి ఇచ్చువారెవరు?